పొగ ఆగింది కదా అని గ్రిల్లుని హాల్లోకి తేవద్దు

ప్రశ్న: మాది విజయవాడ పటమటలో అపార్టుమెంటు, నాలుగో అంతస్తు. లాక్‌డౌన్ రోజుల్లో మావారు ఆన్‌లైన్‌లో మూత ఉన్న బొగ్గుల గ్రిల్లు తెప్పించారు. మొన్న దసరా సెలవుల్లో బాల్కనీలో చికెన్ కాలుస్తుంటే చినుకులు మొదలయ్యాయి. అప్పటికి పొగ ఆగిపోయి బొగ్గులు ఎర్రగా ఉన్నాయి కదా అని గ్రిల్లుని హాల్లోకి లాగి, తలుపు వేసి, మిగతా ముక్కలు కాల్చాం. కాసేపటికి అందరికీ తలనొప్పి. సోఫాలో కూర్చున్న మా అత్తగారికి కళ్ళు తిరిగి వాంతి కూడా అయింది. కారం ఘాటు అనుకున్నాం. తర్వాత గ్రిల్లుని అలాగే బాల్కనీలో వదిలేశాం. ఇప్పుడు చూస్తే అడుగున బూడిద గడ్డకట్టింది, జాలీ తుప్పు పట్టింది, మూత లోపల నల్లగా పెచ్చులు లేస్తున్నాయి. కనుమకి మళ్ళీ వాడాలని మా అబ్బాయి పట్టు. వైరు బ్రష్‌తో రుద్దాలని మావారు, చింతపండు, బూడిద చాలని అత్తగారు. ఏది మంచిది? అసలీ బొగ్గుల గోల లేకుండా గ్యాస్ గ్రిల్లు కొని ఇంట్లో సిలిండర్‌కే కలుపుకోవచ్చా? మా అత్తగారు మాంసం ముట్టరు. ఆవిడకి వంకాయ, మొక్కజొన్న పొత్తులు దీనిమీదే కాల్చి పెట్టవచ్చా?

సమాధానం: అమ్మా, మీరు ఉత్తరం రాసింది తుప్పు గురించి. తుప్పు పెద్ద సమస్య కాదు, దాని సంగతి కిందే చెబుతాను. ముందు ఆ హాలు సంగతి తేల్చుకుందాం. ఎందుకంటే కనుమ రోజు చినుకులు పడకపోయినా చలిగా ఉందనో, దోమలు కుడుతున్నాయనో ఎవరో ఒకరు మళ్ళీ "లోపలికి లాగుదాం" అంటారు.

నేను డాక్టర్ని కాదు గానీ, మీరు రాసిన వివరాలు చూస్తే అది కారం ఘాటులా లేదు. ఘాటుకి దగ్గు వస్తుంది, ముక్కు కారుతుంది, కళ్ళు మండుతాయి. పోనీ చికెన్ పడలేదా అంటే, మీ అత్తగారు ఆ చికెన్ ముట్టనే లేదు. ఒకే గదిలో ఉన్నవాళ్ళందరికీ ఇంచుమించు ఒకేసారి తలనొప్పి రావడం, ఎక్కువసేపు కదలకుండా కూర్చున్న పెద్దావిడకి అందరికన్నా ఎక్కువ కావడం, ఇవన్నీ కార్బన్ మోనాక్సైడ్ వైపే చూపిస్తున్నాయి. ఇంకో గంట అలాగే ఉండి ఉంటే, లేదా తిన్నాక బొగ్గుల్ని హాల్లోనే వదిలేసి అందరూ పడుకుని ఉంటే, ఏం జరిగి ఉండేదో నేను రాయనక్కర్లేదు. చలికాలంలో గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకున్న కుటుంబాల వార్తలు మీరూ చదివే ఉంటారు.

బొగ్గు అంటే దాదాపు అంతా కార్బనే. గాలి బాగా ఆడితే అది పూర్తిగా కాలి కార్బన్ డయాక్సైడ్ అవుతుంది. గాలి చాలకపోతే సగమే కాలి కార్బన్ మోనాక్సైడ్ అవుతుంది. గ్రిల్లులో గుట్టగా పోసిన బొగ్గుల నడుమ గాలి ఎప్పుడూ చాలదు. చీకట్లో గమనిస్తే ఎర్రటి బొగ్గుల మీద సన్నగా నీలి మంటలు ఆడుతుంటాయి. అక్కడ కాలుతున్నది ఈ వాయువే. అలా కాలకుండా తప్పించుకున్నదంతా మనం పీల్చే గాలిలో కలుస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, గొంతులో గరగర కూడా ఉండదు.

అందరూ పొరబడేది పొగ దగ్గర. సరిగా మగ్గని బొగ్గులో మిగిలిన తడి, జిగురు పదార్థాలు కాలేటప్పుడు పొగ వస్తుంది. బొగ్గులు బాగా రాజుకున్నాక అది ఆగిపోతుంది. మోనాక్సైడ్ మాత్రం ఆగదు. నివురు కప్పి, చల్లారిపోయినట్టు కనిపించే నిప్పు నుంచి కూడా వస్తూనే ఉంటుంది. మంట లేస్తున్నంతసేపు ఇంటిల్లిపాదీ జాగ్రత్తగానే ఉంటారు. పిల్లల్ని దగ్గరికి రానివ్వరు, చున్నీ సర్దుకుంటారు. మంట తగ్గి, పొగ ఆగి, "ఇంక అయిపోయిందిలే" అనుకున్నాకే గ్రిల్లుతో వచ్చే చిక్కులు చాలావరకు మొదలవుతాయి. హాల్లోకి లాగడం అందులో ఒకటి.

ఈ వాయువు రక్తంలోని హిమోగ్లోబిన్‌ని ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. ఆక్సిజన్ ఎక్కాల్సిన చోట ఇది కూర్చుంటుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. కొవిడ్ రోజుల్లో మనందరం కొనుక్కున్న పల్స్ ఆక్సీమీటర్ వేలికి పెడితే 97, 98 అని చూపించవచ్చు. హిమోగ్లోబిన్ మీద ఉన్నది ఆక్సిజనో మోనాక్సైడో ఆ చిన్న పరికరం తేడా పట్టలేదు. దాన్ని చూసి ఊరుకోకూడదు.

ఎప్పుడైనా ఇలా జరిగితే ముందు మనుషుల్ని బయటి గాలిలోకి తీసుకురండి. గ్రిల్లు సంగతి తర్వాత. స్పృహ మందగించినా, వాంతులు అయినా, ఛాతీ బరువుగా ఉన్నా, ఇంట్లో గర్భిణి ఉన్నా 108కి ఫోన్ చేయండి. ఆస్పత్రిలో "గదిలో బొగ్గులు కాలాయి" అన్న మాట మీ నోటితో మీరే చెప్పండి. చెప్పకపోతే అది మామూలు వాంతుల కేసులా కనపడే అవకాశం ఉంది. మీ అత్తగారికి దసరా తర్వాత నుంచి మతిమరుపో, తరచూ తలనొప్పో కొత్తగా మొదలై ఉంటే మాత్రం ఆలస్యం చేయకుండా డాక్టరుకి ఆ రోజు జరిగింది చెప్పండి. ఈ వాయువు ప్రభావం కొందరిలో కొన్ని వారాల తర్వాత బయటపడుతుంది.

"మా రోజుల్లో కుంపటి ఇంట్లోనే పెట్టుకునేవాళ్ళం" అని ఆవిడ అనవచ్చు. నిజమే. ఆ పెంకుటిళ్ళలో పెంకుల సందుల్లోంచి, చూరు కిందనుంచి గాలి ఆడేది. చాలా ఇళ్ళలో వంటిల్లు విడిగా పెరట్లో ఉండేది. మీ ఫ్లాటుకి రబ్బరు బీడింగు ఉన్న స్లైడింగు తలుపులు, ఏసీ కోసం బిగించిన కిటికీలు. పైగా ఆ రోజుల్లో కూడా బాలింత గదిలో చలిగాలి తగలకూడదని తలుపులన్నీ మూసి కుంపటి పెట్టడం ఏమంత క్షేమమైన పని కాదు.

కిటికీ తెరిచి ఫ్యాను వేస్తే చాలదా? చాలదు. బాల్కనీ? మూడు వైపులా గోడలు, పైన కప్పు, పక్కనే హాలు తలుపు, పై అంతస్తు వాళ్ళ ఆరేసిన బట్టలు. బొగ్గుల గ్రిల్లుకి అది చోటు కాదు. డాబా మీదికే తీసుకెళ్ళండి, అదీ అసోసియేషన్ వాళ్ళకి ముందుగా చెప్పి.

డాబా మీద కూడా ఎక్కడ పడితే అక్కడ కాదు. మన డాబాల మీద ఏముంటాయో తెలుసు కదా: ప్లాస్టిక్ నీళ్ళ ట్యాంకులు, డిష్ వైర్లు, ఎండకి కట్టిన గ్రీన్ నెట్, పండగకి వేసిన తాటాకు పందిరి, ఏసీ బయటి యూనిట్లు, ఎవరో ఎండబెట్టిన వడియాలు. వీటన్నిటికీ పదడుగుల దూరం ఉండాలి. పందిరి కింద గ్రిల్లు పెట్టే ఆలోచనే వద్దు. ఒక్క నిప్పురవ్వ చాలు. గాలి మెట్ల గది వైపు వీస్తుంటే గ్రిల్లుని ఆ గదికి అవతలి పక్కకి జరపండి. లేకపోతే మోనాక్సైడ్, పొగ రెండూ మెట్ల మీదుగా కిందికి దిగుతాయి. పక్కన ఒక బకెట్ నిండా ఇసుక పెట్టుకోండి. ఇసుక ధర సంగతి బెజవాడ వాళ్ళకి నేను చెప్పేంతవాణ్ణి కాదు గానీ, ఒక్క బకెట్ చాలు.

ఇక తుప్పు. ముందు ఆ గడ్డకట్టిన బూడిదని తీసేయండి, అసలు నేరస్థురాలు అదే. బొగ్గుల బూడిద గాలిలోని తేమని పీల్చుకుంటుంది. తడిసిన బూడిద క్షారం. దానికి మాంసం నుంచి కారిన ఉప్పు, పెరుగు, నిమ్మరసం తోడైతే రేకుని నెలల తరబడి కొరుకుతూనే ఉంటుంది. కృష్ణ ఒడ్డున ఉన్న ఊరిలో వానాకాలం తేమ గురించి చెప్పక్కర్లేదు. గ్రిల్లుని వాడిన మర్నాడు బూడిద దులిపేసి ఉంటే మీ ఉత్తరంలో సగం ప్రశ్నలు ఉండేవి కావు.

బూడిద గీకాక స్క్రూడ్రైవర్ మొనతో గిన్నె అడుగున, కాళ్ళు బిగించిన చోట కాస్త గట్టిగా నొక్కి చూడండి. పైపై తుప్పు అయితే గీరుకుంటుంది, లోపల గట్టిగానే ఉంటుంది. మొన దిగబడితే ఆ రేకు పని అయిపోయింది. ఎర్రటి నిప్పులు మోసే గిన్నెకి చిల్లి పడితే అతుకు వేయించి వాడే ఆలోచన పెట్టుకోవద్దు, పాత ఇనప సామానుకి వేసేయండి. కాళ్ళ నట్లు బిగించి, గ్రిల్లుని అటూ ఇటూ కదిపి చూడండి. ఊగే గ్రిల్లు పిల్లలున్న ఇంట్లో ఉండకూడదు.

మూత లోపల లేచే నల్ల పెచ్చులు పెయింటు అనుకుని చాలామంది కంగారుపడతారు. సాధారణంగా అది పెయింటు కాదు, పొగ, కొవ్వు కలిసి మాడి గట్టిపడిన మసి. ప్లాస్టిక్ గరిటెతోనో చెక్క ముక్కతోనో గీకితే రాలిపోతుంది. వదిలేస్తే ముక్కల మీద పడుతుంది, బాగా పేరుకుంటే అంటుకుంటుంది కూడా.

జాలీ విషయంలో మీ ఇంట్లో రెండు పార్టీలు ఉన్నాయి కాబట్టి తీర్పు చెప్పాలి. ముందు అది ఏ రకమో చూడండి. పోత ఇనుముదో, పూత లేని ఉక్కుదో అయితే బతికించవచ్చు. మెరిసే క్రోమ్ పూతో, నల్లని ఎనామెల్ పూతో ఉండి అది పెచ్చులుగా ఊడుతుంటే రుద్దడం దండగ. ఆ పెచ్చులు తిండిలోకే వస్తాయి. కొత్త జాలీ కొనండి. కొత్తది కొనేటప్పుడు హార్డ్‌వేర్ షాపులో చవగ్గా దొరికే జీఐ మెష్ మాత్రం తేవద్దు. దానిమీద ఉన్నది జింకు పూత. నిప్పుల వేడికి, నిమ్మరసం పులుపుకి అది తిండి కింద ఉండాల్సిన వస్తువు కాదు. స్టెయిన్‌లెస్ స్టీలు జాలీ అడగండి. ఆటోనగర్‌లో ఏ వెల్డింగు షాపులోనైనా కొలత ఇస్తే చేసిస్తారు. అదే నోటితో "పాత డ్రమ్ము సగానికి కోసి పెద్ద గ్రిల్లు చేసిస్తాం" అంటే మాత్రం వద్దనండి. ఆ డ్రమ్ములో అంతకుముందు ఏ రసాయనం ఉందో, లోపల ఏ పూత ఉందో ఎవరికీ తెలియదు. కోసేటప్పుడు లోపలి ఆవిరి పేలి మనుషులు పోయిన సందర్భాలూ ఉన్నాయి.

మీ అత్తగారి మాటలో చాలా నిజం ఉంది. బూడిదలోని క్షారం జిడ్డుని విరగ్గొడుతుంది. మన పెద్దవాళ్ళు గిన్నెలు తోమింది దానితోనే. చింతపండు పులుపు తుప్పుని కరిగిస్తుంది. కాబట్టి జిడ్డుకి బూడిద, తుప్పుకి చింతపండు. ఈ వరసలో విడివిడిగా వాడాలి. రెండూ కలిపి రుద్దితే ఒకదాన్నొకటి చంపుకుంటాయి. నానబెట్టిన చింతపండు గుజ్జు జాలీకి పట్టించి అరగంట ఉంచి, కొబ్బరి పీచుతో తోమి, బాగా కడిగి, వెంటనే పొడిగుడ్డతో తుడవండి. రాత్రంతా నానబెట్టారంటే తుప్పుతో పాటు ఇనుమూ పోతుంది. అల్యూమినియం భాగాల మీద మాత్రం బూడిద వాడొద్దు, క్షారం దాన్ని తినేస్తుంది. బాత్రూం కడిగే యాసిడ్ జోలికి ఎట్టి పరిస్థితుల్లోనూ వెళ్ళకండి.

మీవారి వైరు బ్రష్ తుప్పు వదిలించడంలో దిట్టే. కానీ దాని తీగలు ఊడి జాలీ సందుల్లో ఇరుక్కుంటాయి, ముక్కకి అంటుకుని నోట్లోకి వెళతాయి. ఇది ఊహ కాదు. అమెరికాలో రోడ్ ఐలాండ్ రాష్ట్రంలోని ఒక ఆస్పత్రికి గొంతులోనో పేగుల్లోనో తీగలు గుచ్చుకుని వచ్చిన ఆరుగురి వివరాలని అక్కడి ప్రజారోగ్య సంస్థ సీడీసీ 2012లో ప్రచురించింది. వెంట్రుకంత తీగ కూర ముక్కలో కంటికి కనపడదు. అందుకని రోజువారీ శుభ్రానికి ఆ బ్రష్ వద్దు. నలిపి ఉండ చేసిన అల్యూమినియం ఫాయిలు, కొబ్బరి పీచు, లేదా ఫోర్కుకి గుచ్చిన సగం ఉల్లిపాయతో వేడి జాలీని రుద్దడం చాలు. ఈ ఒక్కసారికి మొండి తుప్పు వదలడం లేదంటే ఇసుక కాగితం వాడండి. మీవారు పట్టుబట్టి బ్రష్షే వాడితే, తర్వాత జాలీని నీళ్ళతో కడిగి, తడిగుడ్డతో ప్రతి ఊచా తుడిచి, వెలుతురులో తిప్పి చూడమనండి.

తుప్పు పోయిన ఇనుముని ఊరికే వదిలితే గంటల్లో మళ్ళీ ఎర్రబడుతుంది. కొత్త దోసె పెనానికి ఏం చేస్తారో దీనికీ అదే: వేరుశనగ నూనె చాలా పల్చగా రాసి, ఎక్కువైంది తుడిచేసి, నిప్పుల మీద అరగంట కాల్చాలి. రెండు మూడు సార్లు చేస్తే నల్లటి పొర పడుతుంది. నూనె చిక్కగా రాస్తే జిగటగా తయారై బొద్దింకల్ని పిలుస్తుంది.

అంటించడంలో మీ అబ్బాయిని ఓ కంట కనిపెట్టండి. పెట్రోలు, కిరోసిను, థిన్నరు, శానిటైజరు పోయకూడదు. శానిటైజరు మంట పగటి వెలుతురులో సరిగా కనపడదు, అంటుకోలేదనుకుని మళ్ళీ పోయబోతే మంట సీసాలోకి ఎగబాకుతుంది. కింద కన్నాలున్న ఇనప రేకు గొట్టం, చిమ్నీ స్టార్టర్ అని ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. అడుగున రెండు న్యూస్‌పేపర్ ఉండలు, పైన బొగ్గులు వేసి పేపర్ వెలిగిస్తే పావుగంట, ఇరవై నిమిషాల్లో వాటంతట అవే రాజుకుంటాయి. అది లేకపోతే రెండు మూడు కర్పూరం బిళ్ళలు సరిపోతాయి. అవి పూర్తిగా కాలిపోయి, బొగ్గుల మీద తెల్లటి నివురు వచ్చాకే ముక్కలు పెట్టండి.

బొగ్గులు కర్రబొగ్గులో, కొబ్బరి చిప్పల బొగ్గులో అయి ఉండాలి. రాక్షసి బొగ్గు వంటకి పనికిరాదు, అందులో గంధకం ఉంటుంది. భోగి మంటల కోసం దాచిన పాత తలుపులు, ప్లైవుడ్ ముక్కలు మిగిలితే కనుమకి వాడేద్దామని ఎవరైనా అంటారు, ఒప్పుకోకండి. పెయింటు, ప్లైవుడ్ జిగురు కాలిన పొగలో ముక్కలు వేయించుకుని తినడం ఏం సరదా?

మధ్యలో కొవ్వు కారి మంట పైకి లేస్తే నీళ్ళు చల్లొద్దు. నీరు ఆవిరైతే దాదాపు 1,700 రెట్లు పెరుగుతుంది, మరిగే కొవ్వుని పట్టుకుని నలువైపులా చిమ్ముతుంది. ముక్కలు పక్కకి జరిపి మూత వేసి, గాలి కన్నాలు మూసేయండి. ఇంకా తగ్గకపోతే ఇసుక. దుస్తులు నూలువి కట్టుకోండి. పాలిస్టరు చున్నీ అంటుకుంటే కరిగి ఒంటికి పట్టుకుంటుంది. కాలితే కుళాయి కింద 20 నిమిషాలు చల్లటి నీళ్ళు పోయండి. టూత్‌పేస్టు, పసుపు, దోసెల పిండి, ఐసు ఏవీ వద్దు.

తిండి గురించి రెండే మాటలు. చికెన్ ముక్క పైన మాడి లోపల పచ్చిగా ఉండటం గ్రిల్లుకి మామూలే. మన గుంటూరు కారం, పెరుగు పట్టించిన ముక్క ఇంకా తొందరగా నల్లబడుతుంది. నిప్పుల్ని ఒక పక్కకి జరిపి, ఇంకో పక్కన మూత వేసి మగ్గనివ్వండి. లోపల 74 డిగ్రీల సెల్సియస్ చేరాలి. వంట థర్మామీటరు ఒకటి కొనుక్కుంటే ఊహాగానాలు ఉండవు. మసాలా పట్టించిన మాంసం ఫ్రిజ్‌లోనే నాననివ్వండి, బయట రెండు గంటలకి మించి ఉంచకూడదు. మన వేసవిలో అయితే గంటే. పచ్చి ముక్కలు తెచ్చిన పళ్ళెంలో కాల్చినవి వేయొద్దు.

అందరూ తిని చేతులు కడుక్కున్నాక అసలు పని ఉంటుంది. అప్పటికి ఇంట్లో ఎవరికీ ఓపిక ఉండదు. గాలి కన్నాలన్నీ మూసి, మూత బిగించి, గ్రిల్లుని డాబా మీదే వదిలేయండి. నీళ్ళు పోసి ఆర్పితే ఆవిరి మొహానికి కొడుతుంది, వేడి గిన్నె బీటలు వారుతుంది, బూడిద మళ్ళీ ముద్దై తుప్పు మొదలవుతుంది. చల్లారిందని చేత్తో ముట్టుకుని తేల్చేయకండి. బూడిద లోపల నిప్పు ఒక రోజుకు పైగా బతికి ఉండగలదు. రెండు రోజులు ఆగి, మూత ఉన్న ఇనప డబ్బాలోకి ఎత్తండి. ప్లాస్టిక్ కవర్లో కట్టి పొద్దున్నే చెత్త బండికి ఇచ్చేస్తే, కాగితాలు, ప్లాస్టిక్ నిండిన ఆ బండిలో దాన్ని ఆర్పడం ఆ కార్మికుల నెత్తిన పడుతుంది. కింద జారిపడిన నిప్పులు ఆ రాత్రే టార్చి వేసి వెతకండి. తెల్లటి నివురుతో సున్నపురాయిలా కనిపిస్తాయి, డాబా మీద పిల్లలు ఒట్టి కాళ్ళతో పరిగెడతారు.

గ్యాస్ గ్రిల్లు సంగతికి వద్దాం. ఇంట్లో సిలిండర్‌కే కలుపుకోవచ్చా అంటే, అది మన దేశపు వంటగ్యాస్ కోసం, మన రెగ్యులేటర్ ఇచ్చే ఒత్తిడి కోసం తయారైనదైతేనే. విదేశీ గ్రిల్లుల్లో చాలావాటి కలిపే మర, లోపలి నాజిల్ వేరుగా ఉంటాయి. "అడాప్టర్ పెడితే సరిపోతుంది" అని అమ్మేవాళ్ళు ఉంటారు, వినకండి. వంటింటి పైపుకి టీ జాయింటు వేసి బాల్కనీకి లాగడం అంతకన్నా ప్రమాదం. పైపు గ్యాస్ కనెక్షన్ ఉన్న ఇళ్ళలో వచ్చేది వేరే గ్యాస్, ఎల్పీజీ నాజిల్‌తో అది సరిగా మండదు.

కొంటే గ్యాస్ ఏజెన్సీల దగ్గర దొరికే 5 కిలోల చిన్న సిలిండరు విడిగా తీసుకుని, ఐఎస్‌ఐ ముద్ర ఉన్న సురక్ష ట్యూబు వేయించుకోండి. ఆ ట్యూబుని అయిదేళ్ళకోసారి, ముందే బీటలు కనిపిస్తే అప్పుడే మార్చాలి. వాడే ప్రతిసారీ బర్నర్ ఆపి ఉంచి, సిలిండర్ తెరిచి, అతుకుల దగ్గర సబ్బు నురుగు రాయండి. బుడగలు వస్తే లీకు. వెలిగించేటప్పుడు మూత తెరిచే ఉంచాలి. అంటుకోకపోతే ఆపేసి అయిదు నిమిషాలు ఆగాలి. ఎల్పీజీ గాలి కన్నా బరువు, గ్రిల్లు గిన్నెలోనో డాబా మూలనో నీళ్ళలా పేరుకుంటుంది. కొన్నాళ్ళు వాడకుండా ఉంచితే బర్నర్ గొట్టాల్లో సాలెపురుగులు గూళ్ళు కడతాయి, మట్టిగూడు కట్టే కందిరీగలు కూడా. గ్యాస్ ముందుకు పోలేక వెనక నుంచి మంట వస్తుంది. ముందు ఆ గొట్టాలు ఊది చూడండి. వాసన వస్తే వాల్వు కట్టేసి, స్విచ్చులు ముట్టుకోకుండా బయటికి వచ్చి 1906కి ఫోన్ చేయండి. అది గ్యాస్ లీకులకి ఇరవై నాలుగు గంటలూ పనిచేసే నంబరు.

నా మాట అడిగితే, మీరు ఏడాదికి మూడు నాలుగు సార్లు వాడేదానికి గ్యాస్ గ్రిల్లు, ఇంకో సిలిండరు దండగ. ఉన్నదాన్ని బాగుచేసుకుని డాబా మీద వాడండి. వానొస్తే వాడటానికి కరెంటు గ్రిల్లు చాలు. దాన్ని వంటింట్లోనే, చిమ్నీ వేసి పెట్టుకోవచ్చు. దాదాపు 2,000 వాట్లు లాగుతుంది కాబట్టి ఎర్తింగు ఉన్న 16 ఆంపియర్ల ప్లగ్గు కావాలి, ఎక్స్‌టెన్షన్ బోర్డు పనికిరాదు.

మీ అత్తగారికి వంకాయ, పొత్తులు నిరభ్యంతరంగా కాల్చి పెట్టండి. కానీ జాలీ ఎంత రుద్దినా ఆవిడ మనసు ఒప్పుకోదు, ఒప్పుకోవాలని మనం పట్టుబట్టకూడదు కూడా. ఆటోనగర్‌లో చేయించేటప్పుడే చిన్న జాలీ ఇంకొకటి చేయించి, ఆవిడ పేరు మీద విడిగా పెట్టండి. మాంసం కన్నా ముందు, నిప్పులు తాజాగా ఉన్నప్పుడు ఆవిడవే కాల్చేయండి. పచ్చడికి పెద్ద గుండ్రటి వంకాయ తీసుకుని, నూనె రాసి, రెండు మూడు చోట్ల చాకుతో గాటు పెట్టడం మర్చిపోకండి. గాటు లేకపోతే లోపలి ఆవిరికి కాయ పేలి, వేడి గుజ్జు కాల్చేవాళ్ళ మీదే పడుతుంది.